మూత మీద వేసిన సీలు

కరోనా తగ్గి రోడ్లు మళ్ళీ రద్దీ అయిన ఏడాది, జూన్‌లో, నన్ను అమలాపురం వర్క్‌షాపుకు సర్వీస్ మేనేజరుగా బదిలీ చేశారు. పదవీ విరమణకు అప్పటికి రెండేళ్ళుంది. మెకానిక్‌గా చేరి, ఫోర్‌మన్‌నై, ఆ కుర్చీ దాకా రావడానికి ముప్పయ్యేళ్ళు పట్టింది. సర్వీస్ మేనేజరు స్పానరు పట్టడు. బండిలో లోపమేమిటో తేల్చి, జాబ్ కార్డు మీద రాసి, కింద సంతకం పెడతాడు. ఆ సంతకంతో రోడ్డెక్కిన బండికి ఏమైనా జవాబు చెప్పుకోవలసింది అతనే.

వానలు ముదిరిన రోజుల్లో ఒక తెల్ల హైబ్రిడ్ కారు వచ్చింది. పెట్రోలు ఇంజనూ, బ్యాటరీతో తిరిగే మోటారూ రెండూ ఉన్న బండి అది. ఇంజను ఎప్పుడు అందుకోవాలో, ఎప్పుడు ఆగాలో బండే నిర్ణయించుకుంటుంది. ఇంజనును చల్లబరిచే ద్రవాన్ని కూలెంట్ అంటాం. ఆ బండిలో అది గులాబీ రంగులో ఉంటుంది. మూసిన గొట్టాల్లో తిరిగేది కాబట్టి ఏళ్ళ తరబడి కొత్తగా పోయనక్కరలేదు. ఈ బండిలో మాత్రం పది రోజులకు రెండు వేళ్ళ మేర తగ్గిపోతోంది. కింద చుక్క కూడా పడటం లేదు.

బండి యజమాని డాక్టర్ సుజాత గారు మత్తు డాక్టరు. చిన్న నర్సింగ్ హోముల్లో మత్తు డాక్టర్లు ఉండరు. ఆపరేషను అనగానే ఆవిడకు ఫోను చేస్తారు. రాజోలైనా కొత్తపేటైనా ఆవిడ చేరేదాకా కత్తి పడదు. బండి తోలేది బండారులంక సత్తిబాబు. పన్నెండేళ్ళు దోహాలో టాక్సీ నడిపి వచ్చిన మనిషి.

మొదటిసారి ప్రెషర్ టెస్ట్ చేయించాను. పంపుతో గొట్టాల్లోకి గాలి ఎక్కించి అరగంట చూడటమే ఆ పరీక్ష. పంపు మీద ప్రెషర్ చూపే ముల్లు కదల్లేదు. రెండోసారి లీకును పట్టిచ్చే రంగు కలిపించాను, బండి లోపల కాళ్ళ కింద పట్టా ఎత్తించి తడి ఉందేమో చూశాను, ఇంజను పొగ కూలెంట్‌లో కలుస్తోందేమో రసాయనంతో పరీక్ష పెట్టించాను. ఏమీ దొరకలేదు.

సత్తిబాబు పక్కన నిలబడి ఒక మాట చెప్పాడు.

"పొద్దున్నే మొదటిసారి ఇంజను అందుకున్నప్పుడు బండి వణుకుతుందండి. రెండు నిమిషాలేనండి. దోహాలో ఇలాగే వణికిన బండికి హెడ్డు విప్పేరండి."

హెడ్డు విప్పడమంటే ఇంజను పైభాగం ఊడదీయడం. నేను బండి తీసుకుని ఎర్రవంతెన దాకా వెళ్ళి వచ్చాను. వణుకు లేదు. రోడ్డు గతుకులై ఉంటాయని చెప్పాను. నిజానికి నాకు తెలియనిది ఒక డ్రైవరుకు తెలిసుంటుందన్న మాట మింగుడు పడలేదు. అంతకుముందు పనిచేసిన ఊళ్ళలో, వేడి మీద మూత తీసి కూలెంట్ ఒలకబోసిన డ్రైవర్లను చాలామందిని చూశాను. అదే మనసులో పెట్టుకుని జాబ్ కార్డు మీద ఇలా రాశాను: "లీకు లేదు. డ్రైవరు మూత తీయడంలో అజాగ్రత్తగా ఉన్నట్టు అనుమానం."

డాక్టరు గారు కార్డు చదివి తలెత్తారు. "వేరే మనిషిని చూసుకోమంటారా మేనేజరు గారూ?"

"పది రోజులు ఆగండి. కూలెంట్ డబ్బా నిండా పోసి మూత మీద సీలు వేస్తాను. సీలు చెదిరితే తప్పు అతనిది, చెదరకపోతే మాది" అన్నాను. సత్తిబాబు అక్కడే ఉన్నాడు. "ఆయ్" అన్నాడు, అంతే.

ఎనిమిదో రోజు, శనివారం, సత్తిబాబు ఫోను చేశాడు.

"సార్, కూలెంట్ డబ్బా మీద కింది గీత కన్నా దిగిపోయిందండి. ఇన్నాళ్ళూ తగ్గినప్పుడల్లా నేను పోస్తుంటేనేనండి నడిచింది. సీలు తీసి పొయ్యమంటారా?"

వాన నీళ్ళలో మునిగిన బండ్లు నాలుగు ముందున్నాయి. "సీలు ముట్టుకోవద్దు. సోమవారం తీసుకురా" అన్నాను. బండి ఆపేయమని చెప్పలేదు. వెళ్ళి చూసి రమ్మని ఎవరినీ పంపలేదు.

ఆదివారం పదకొండింటికి మళ్ళీ ఫోను వచ్చింది. బోడసకుర్రు వంతెన దాటి నగరం అనే ఊరు చేరేసరికి, ఇంజను మరీ వేడెక్కిందని చెప్పే ఎర్రలైటు వెలిగిందట.

"రాజోల్లో కాన్పు కేసండి. బిడ్డ గుండె చప్పుడు పడిపోతోందని ఫోన్ల మీద ఫోన్లండి. ఇంకాస్త దూరం లాగమన్నారండి మేడం గారు. నాకు ధైర్యం చాల్లేదండి, ఆపేసేను. ఆటో ఎక్కి వెళ్ళిపోయేరు." "సీలు అలాగే ఉందండి. మీరే వచ్చి చూసుకోండి" అన్నాడు.

బండిని లాక్కొచ్చే వాహనం వెంట నేనూ వెళ్ళాను. బానెట్ ఎత్తి చూశాను. సీలు చెక్కుచెదరలేదు. డబ్బాలో కూలెంట్ అడుగంటింది. ఇంజను వేడి ముఖానికి కొట్టింది. డాక్టరు గారికి ఫోను చేయలేదు. ఆపరేషను థియేటర్లో ఉండి ఉంటారు. ఉన్నారో, ఇంకా ఆటోలోనే ఉన్నారో అదీ తెలియదు. బండిని పంపేసి, ఆ పక్కనున్న కిళ్ళీ కొట్టు బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. రాజోలు వైపు నుంచి వచ్చే ప్రతి ఆటోనూ చూస్తూ ఉన్నాం. సత్తిబాబు కొబ్బరిబొండం కొట్టించి చేతికిచ్చాడు.

"పోసెయ్యాల్సిందండి. పోతే ఉద్యోగం పోయేది" అన్నాడు.

"పొయ్యొద్దన్నది నేను" అన్నాను.

రెండు దాటాక డాక్టరు గారి ఫోను వచ్చింది. తల్లి బాగానే ఉంది. ఆపరేషను అరగంట ఆలస్యమైంది. బిడ్డ పుట్టగానే ఏడవలేదు, ఊపిరి అందించి అమలాపురం పిల్లల ఆసుపత్రికి పంపించారు. "రేపటిదాకా ఏమీ చెప్పలేం" అన్నారు ఆవిడ. బండి సంగతి అడగలేదు.

ఆ సాయంత్రమే బండిలో కూలెంట్ నింపించి, గొట్టాల్లోకి గాలి ఎక్కించి, పంపు తీయకుండా అలాగే వదిలేయించాను. ఇంజను పూర్తిగా చల్లారనివ్వాలి. ఇంతకుముందు రెండుసార్లూ ఆ పని చేయలేదు. రాజోలు నుంచో కొత్తపేట నుంచో వేడిగా వచ్చిన బండిని వేడి మీదే పరీక్షించి వేడి మీదే పంపించాం. వేడికి లోహం వ్యాకోచించి సన్నని సందును మూసేస్తుందన్నది నేనే మెకానిక్కులకు పాఠంగా చెప్పిన విషయం.

సోమవారం తెల్లవారుతూనే వర్క్‌షాపు తెరిపించాను. ముల్లు సగానికి దిగి ఉంది. స్పార్క్ ప్లగ్గులు విప్పించి, ఆ రంధ్రాల్లోంచి సన్నటి కెమెరా దించాం. నాలుగింటిలో మూడు సిలిండర్లలో పిస్టన్ల తలలు మసిబారి ఉన్నాయి. ఒకటో సిలిండర్లో పిస్టన్ తల తోమిన గిన్నెలా మెరుస్తోంది. దాని మీద గులాబీ రంగు చుక్కలు నిలిచి ఉన్నాయి. ఆ మెరుపు ఒక్కరోజు వేడికి వచ్చేది కాదు, నెలల తరబడి కూలెంట్ ఆవిరైతే వచ్చేది. హెడ్ గాస్కెట్, అంటే ఇంజను పై భాగానికీ కింది భాగానికీ నడుమ ఉండే రేకు, ఒకచోట బీటవారింది. రాత్రి చల్లారాక చుక్క చుక్కగా లోపలికి దిగడం, పొద్దున్న ఇంజను అందుకోగానే వణుకుతూ ఆవిరైపోవడం, ఇదీ జరుగుతున్నది. అందుకే కింద తడి లేదు. నా ఎర్రవంతెన ప్రయాణంలో వణుకు లేకపోవడానికీ అదే కారణం. అప్పటికే ఇంజను వేడెక్కి ఉంది.

కెమెరా తెర చూస్తున్నానే గానీ ధ్యాసంతా ఫోను మీదే ఉంది. మధ్యాహ్నం కబురు వచ్చింది, బిడ్డకు ఇంకా ఆక్సిజన్ పెట్టే ఉంచారని. మూడో రోజున ఆక్సిజన్ గొట్టాలు తీసేశారు. నాలుగో రోజున తల్లి దగ్గర పాలు తాగింది. ఆడపిల్ల.

పాత జాబ్ కార్డు తెప్పించి డ్రైవరు గురించి రాసిన వాక్యం కొట్టేశాను. పక్కన "ఇది నా పొరపాటు అంచనా" అని రాసి సంతకం పెట్టాను. డాక్టరు గారికి చూపించి క్షమాపణ అడిగాను.

"నాకెందుకండీ? అతనికి చెప్పండి" అన్నారు.

మెకానిక్కులందరి ముందూ సత్తిబాబుకు చెప్పాను.

"ఆయ్. వణుకుతుందని మొదట్లోనే చెప్పేను కదండి" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

గాస్కెట్ మార్చి, వారం పాటు రోజూ పొద్దున్నే చల్లని ఇంజనుతో నడిపించి చూసి బండి అప్పగించాను. సత్తిబాబే తోలుకు వెళ్ళాడు. తరువాతి సర్వీసుకు డాక్టరు గారు బండిని రాజమండ్రి పంపించారు. తప్పు పట్టలేదు నేను.

నేను రిటైరయ్యే లోపు ఆ వర్క్‌షాపులో రెండు పద్ధతులు పెట్టాను. కూలెంట్ తగ్గుతోందని వచ్చిన బండి ఒక రాత్రి మా దగ్గరే చల్లారాలి. బండి తోలేవాడు చెప్పింది, మా పరీక్షల కన్నా ముందు, అతని మాటల్లోనే కార్డుకెక్కాలి. పరీక్షలో లీకు దొరకలేదంటే, మేం చూసిన అరగంటలో దొరకలేదని మాత్రమే అర్థం. నేను దాన్ని లీకు లేదని రాశాను. ఆ రెంటికీ మధ్య ఎంత దూరముందో తెలుసుకోవడానికి నాకు ముప్పయ్యేళ్ళ ఉద్యోగం సరిపోలేదు.