తాడు దించేదాకా

డబ్బా మూత లాగగానే బుస్సుమని గాలి వచ్చింది. దాని వెంట కొత్త టెన్నిస్ బంతుల వాసన, రబ్బరూ ఊలూ కలిసిన ఘాటు. లాడ్ బజార్‌లో గాజుల కొట్టు నడిపే యూసుఫ్ భాయ్ ఆటగాళ్ళ సంతకాల కోసం కొన్నాడట. “మూర్తి సాబ్, టెన్నిస్ టికెట్ల లాటరీల మన పేరొచ్చింది! వచ్చే నెల లండన్ పోతున్న. మీకు టెన్నిస్ సంగతి మస్తు ఎరుక గద, జర చెప్పుండ్రి” అన్నాడు. నాకు తెలిసినదంతా జాకబ్ సార్ చెప్పిందే. లండన్ ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు.

కంచన్‌బాగ్‌లోని మా ఫ్యాక్టరీలో నేను గుమస్తాగా చేరినప్పుడు ఆయన మా సెక్షన్ సూపరింటెండెంటు. ఏటా మేలో కాలనీ మట్టి కోర్టులో పోటీలు ఆయనే జరిపించేవారు. మొదటి ఏడు నేను అంపైరు పక్క వరసలో కూర్చుంటే కేకేశారు. “ఏంది మూర్తీ, గాడ కూసుంటే మెడ అటూ ఇటూ తిప్పి తిప్పి పడిపోతవ్. ఇట్ల గీత వెనకకు రా. బంతి నీ మీదికే వస్తున్నట్టు కనవడ్తది.” గొడుగు విప్పితే ఇంకో చీవాటు. “పెండ్లికొచ్చినవా? వెనకాయన ఆట చూడాలెనా, నీ గొడుగు చూడాలెనా?” టోపీ పెట్టుకోవాలి, తడి రుమాలు మెడ మీద వేసుకోవాలి. ఆటగాడు తప్పు చేస్తే చప్పట్లు కొట్టకూడదు. పెద్ద టోర్నమెంటుకు వెళ్తే మొదటి రోజుల్లోనే వెళ్ళాలి, చిన్న కోర్టుల దగ్గర ఆటగాళ్ళ ఊపిరి కూడా వినబడుతుంది. ఇవన్నీ పత్రికల్లో చదివి, రేడియోలో విని ఆయన పోగుచేసుకున్నవి. ఒక్కసారి లండన్‌లోని పచ్చిక కోర్టు పక్కన కూర్చోవాలన్నది ఆయనకున్న ఒకే కోరిక.

అన్నిటికన్నా గట్టి నియమం ఒకటుంది. ఆటగాళ్ళు వైపులు మారేదాకా ఎవరూ లేవకూడదు, ఎవరూ లోపలికి రాకూడదు. గ్యాలరీ దారికి అడ్డంగా తాడు కట్టి ఆయనే పట్టుకుని నిలబడేవారు. ఒక ఫైనల్ రోజు జనరల్ మేనేజరు ఢిల్లీ అతిథులతో ఆలస్యంగా వచ్చారు.

“జర ఆగుండ్రి సార్. వైపు మారంగనే దించుత.”

“జాకబ్, వీళ్ళెవరో తెలుసా?”

“తెలుసు సార్. సర్వీస్ నడుస్తున్నది.”

అతిథులు ఎండలో నిలబడ్డారు. జనరల్ మేనేజరు నవ్వారు. “వెరీ గుడ్. రూల్ ఈజ్ రూల్.”

ఆ మరుసటి ఏడే జాకబ్ సార్‌కు లాటరీలో లండన్ ఆట టికెట్టు తగిలింది. మాది రక్షణ శాఖ పని, దేశం దాటాలంటే పై అనుమతి కావాలి. ఆయన దరఖాస్తు పెట్టి రోజూ పొద్దున్నే అడ్మిన్ గదికి వెళ్ళేవారు. “రూల్ ప్రకారం చూస్తున్నాం” అనేవారు అక్కడివాళ్ళు. టోర్నమెంటు మొదలైంది. ఆయన టికెట్టున్న రోజు క్యాంటీన్ టీవీలో ఆ ఆటే వస్తుంటే ఆయన అటు తిరగకుండా పెరుగన్నం తిన్నారు. అంతా ముగిశాక అనుమతి కాగితం వచ్చింది, జనరల్ మేనేజరు సంతకంతో. జాకబ్ సార్ దాన్ని నా ముందు పెట్టి, “చూసినవా మూర్తీ, తాడు దించిండు” అన్నారు.

మళ్ళీ ఎన్ని ఏళ్ళు ప్రయత్నించినా లాటరీలో ఆయన పేరు రాలేదు. ఆ తర్వాత షుగర్ కళ్ళను తినేసింది.

ఆయన పోయిన రోజు చర్చిలో ప్రార్థన మధ్యలో ఆ జనరల్ మేనేజరు వచ్చారు. రిటైరై ఏళ్ళయినా మా వాళ్ళంతా లేచి దారి ఇచ్చారు. వరస చివరన నేను కూర్చునే ఉన్నాను. “ప్రార్థన అయ్యేదాకా ఆగండి సార్” అన్నాను. ఆయన నా పక్కనే కర్ర ఊతంతో నిలబడ్డారు. నాకు సంతోషమేమీ కలగలేదు. ఆయన ఎంతసేపు నిలబడితే జాకబ్ సార్ లండన్ వెళ్ళొస్తారు?

యూసుఫ్ భాయ్‌కి టోపీ, రుమాలు, వానకోటు, మెత్తని బూట్లు అన్నీ చెప్పాను. “గంతేనా సాబ్?” అన్నాడు.

“ఇంకొకటి. ఆట నడుస్తుండగా ఎంతటివాడు వచ్చినా లేవకు.”

“లేస్తే ఏమైతది?”

“ఏమీ కాదు భాయ్. లేవకపోతేనే అవుతుంది. అయినా లేవకు.”