రుచి చూసే పని

"...బెల్లం ఉమ్మేత్తన్నానని చెప్పేను కదా! మింగట్లేదు."

"ఉమ్మేత్తే మరి సుగర్ ఏ దారిన ఎక్కిందండీ? చెవుల్లోంచా?"

తహ్మీనా రక్తపరీక్ష రిపోర్టును గూట్లో పెట్టి, చోడిపిండి రొట్టెల పళ్ళెం భర్త ముందుకు జరిపింది. మునీర్ టీలో పంచదార మానేసి ఏడాదైంది. రంజాన్‌లో షర్బత్ కూడా ముట్టలేదు. అయినా సుగర్ దిగలేదు, ఎడమ కాలి బొటనవేలి మీద పుండు మానలేదు. ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు.

మునీర్‌ది బజారు సందులో బెల్లం కొట్టు. రోజూ పొద్దున్నే రైతులు సరుకు తెచ్చే మార్కెట్ యార్డుకు వెళ్లి, బెల్లం దిమ్మ అంచు విరిచి నోట్లో వేసుకుని, నచ్చితే కొంటాడు. ఎంత మంచి రంగున్నా, ఉప్పునీళ్లు పారిన పొలంలో చెరకు బెల్లమైతే ఆ సంగతి నాలుకకే తెలుస్తుంది. తండ్రి దగ్గర నేర్చుకున్న పద్ధతి అది.

ఆ రోజు ఏదీ నోట్లో వేసుకోకూడదనుకుని వెళ్లాడు. బుచ్చయ్యపేట రైతు సత్తియ్య ముక్క విరిచి చేతిలో పెట్టాడు.

"వద్దు మామా. రంగు చూసి తీసుకుంటాను."

"అదేటి బాయ్, పెళ్ళికూతుర్ని ఫొటోలో సూసి ఖాయం సేసేత్తావా? నోట్లో ఎయ్యి. రేపు నన్నేటీ అనకూడదు మరి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మునీర్ ముక్కను జేబులో వేసుకుని అయిదు దిమ్మలు ఆటో ఎక్కించాడు.

మధ్యాహ్నం కొట్టుకి కేరేజీ తెచ్చిన తహ్మీనా కొత్త దిమ్మ అంచు గిల్లి నోట్లో వేసుకుంది. వెంటనే మొహం చిట్లించింది.

"ఇదేటండీ, సముద్రం నీళ్లతో వండేరా?"

మునీర్ గబగబా జేబులో ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. నిజమే, ఉప్పు. తల పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

తహ్మీనా అతని గొంతు వైపే చూస్తోంది.

"మింగేరు."

"ఏటి?"

"ఆ ఉప్పు ముక్క కూడా ఉమ్మలేదు మీరు. మింగేరు."

మునీర్ నాలుకతో పళ్లు తడుముకున్నాడు. నోట్లో ఏమీ లేదు.

"రోజూ ఇంతేనా?"

"మొదటిది ఉమ్ముతాను. తరవాత బేరంలో పడిపోతాను కదా..." కాలికి కట్టిన గుడ్డ వైపు చూసి, పాదాన్ని స్టూలు కిందికి లాక్కున్నాడు. "నాలిక మీద పెట్టకుండా కొంటే ఇదిగో, ఇలా తగలడతంది. కొట్టు మూసేమంటావా?"

తహ్మీనా కేరేజీ గిన్నెలు విప్పి అతని ముందు పెట్టింది.

"యార్డుకి నేనూ వత్తాను."

"అక్కడ ఆడోళ్ళెవరూ బేరానికి రారు. నవ్వుతారు."

"నవ్వనీండి. దిమ్మ విరిచేది మీరు, రుచి చూసేది నేను. పొద్దున్న ఎన్నింటికి బయల్దేరాలో చెప్పండి."