తాళ్లు లేని తెరచాప కొయ్య

ఈ ఉదయం శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఒక పోస్టర్ ముందు ఆగిపోయాను. అందులో ఒక తెరచాప పడవ ఉంది. దాని కొయ్యను పట్టి ఉంచడానికి ఒక్క తాడూ లేదు. మా పెద్దక్క సువార్త గుర్తొచ్చింది.

మహేశ్వరంలో నాతో పెరిగినవాళ్లారా, మా డ్రమ్ముల తెప్ప మీకు గుర్తుందా? అక్కకు అప్పుడు పదమూడేళ్లు. నాలుగు నీలం డ్రమ్ములకు కింద ఒక పలక, పైన ఒక పలక కొట్టింది. రెండు పలకలకూ రంధ్రాలు చేసి వెదురు బొంగును లోతుగా దింపింది. అమ్మ పాత చీరే తెరచాప.

"తాళ్లు కట్టకుంటే కూలుతది. నీకేం తెలుసు?" అని మా కాక బొంగుకు నాలుగు తాళ్లు బిగించాడు.

అక్కా నేనూ తెప్ప మీద చెరువు మధ్యకు చేరేసరికి గాలి తిరిగింది. చీర తాడుకు చుట్టుకుని తెప్ప ఒరిగింది. నేను ఏడుపు అందుకున్నాను. అక్క మాత్రం తాళ్లు విప్పసాగింది.

"ఓ పిల్లా, ఇప్పకు! మునుగుతరు!" అని కట్ట మీంచి కాక అరిచాడు.

"నువ్వు కట్టినయే ముంచుతున్నయి కాకా!" అంటూ అక్క ఆఖరి తాడును నీళ్లలోకి విసిరేసింది.

బొంగు బాగా వంగింది, కానీ విరగలేదు. చీర గాలివాటుకు తిరిగింది. అవతలి ఒడ్డు చేరాం.

కాక పరుగెత్తుకొచ్చి కొట్టడానికి చెయ్యెత్తాడు. అక్క కదల్లేదు.

"రేపు గూడ పోతం," అంది. "తాళ్లు తేకు."