సొట్ట గుండ్లు

జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాలు వెనక షెడ్డులో ఆదివారం పొద్దున్నే ఏడెనిమిది మందిమి ఎయిర్ పిస్తోళ్లతో గురి సాధన చేసేవాళ్లం. పది మీటర్ల దూరంలో అట్ట, దాని మధ్య నల్లటి చుక్క. నేను కోరుట్ల నుంచి వెళ్లేవాణ్ని, బడిలో పీఈటీని. సిరిసిల్ల నుంచి సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే మెకానిక్ ఒకాయన వచ్చేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను భాయ్ అనేవాణ్ని, ఆయన సార్ అనేవాడు.

నాది కొత్త విదేశీ పిస్తోలు. ఆయనది ఎవరో వాడి అమ్మేసినది. ప్రతి గుండుకూ మీట లాగి గాలి నింపుకోవాలి. పిడిని మాత్రం తన అరచేతికి సరిపోయేలా తనే చెక్కుకున్నాడు. వారం వారం ఆయన గుండ్లే చుక్కకు దగ్గరగా పడేవి. "పాతదే గని, సార్ దాని కంటే గదే నయం" అని షెడ్డులో అందరూ అనేవాళ్లు. నవ్వేవాణ్ని కానీ లోపల మండేది.

ఒకరోజు ఆయనే, "చెయ్యి సంగతి వద్దు సార్, ఉత్త పిస్తోళ్లనే చూద్దాం" అన్నాడు. మరుసటి వారం సిరిసిల్ల నుంచి బరువైన ఇనుప వైస్ బస్సులో మోసుకొచ్చాడు. రెండు పిస్తోళ్లనూ దాంట్లో కదలకుండా బిగించి తలా పది గుండ్లు కాల్చాలి. గుండ్లు తెచ్చే వంతు నాది.

నా సంచిలో రెండు డబ్బాలున్నాయి. ఒకటి అంతకుముందు కిందపడి, నా కాలి కింద నలిగింది. గుండ్ల అంచులు సొట్టలు పడ్డాయి, అలాంటివి నేరుగా పోవు. పారేద్దామని ఉంచాను. చెయ్యి పొరపాటున దాని మీదికి పోయిందని చెప్పలేను. తెలిసే తీసి ఆయనకిచ్చాను. మామూలుగా ఒక్కో గుండునూ వెలుతురులో తిప్పి చూసుకునే మనిషి, నేనిచ్చానని చూడలేదు.

నా పది గుండ్లు చొక్కా గుండీ అంత చోటులో పడ్డాయి. ఆయనవి పది చోట్ల పడ్డాయి. అందరూ నాకు చప్పట్లు కొట్టారు. ఆయన అట్టను చాలాసేపు చూశాడు.

"చెయ్యి తప్పు లేదు గద సార్. గొట్టమే ఖరాబైనట్టుంది."

"పాతదైంది గద భాయ్, ఏం జేస్తం" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది.

నాలుగు వారాలు ఆయన రాలేదు. నేనే సిరిసిల్లలో ఆయన పనిచేసే చోటికి వెళ్లాను. సాంచాల చప్పుడులో నేను చెప్పింది ఆయనకు వినబడలేదు. "ఏంది సార్?" అని చెవి దగ్గరికి తెచ్చాడు. అరవాల్సి వచ్చింది.

"మీకు సొట్ట గుండ్లు ఇచ్చిన భాయ్! కావాల్నని ఇచ్చిన!"

నూలు కండెలు చుడుతున్న ఇద్దరు ఆడవాళ్లు చెయ్యి ఆపి నావైపు చూశారు. ఆయన నన్ను బయటికి తీసుకొచ్చాడు.

"అంటే నా పిస్తోలు మంచిగనే ఉండెనా?"

"మంచిగనే ఉండె."

గొట్టం మూతి పాడైందనుకుని వేలెడంత కోసేసి ఆకురాయి పట్టాడట. కోత వంకరగా పోయి పిస్తోలు ఇక గురికి పనికిరాకుండా అయిందట. "గప్పుడే చెప్పరాదు సార్. కోసినంక చెప్తున్నరు" అన్నాడు, అంతే. నా పిస్తోలు తీసుకొమ్మన్నాను. "మీది మీకే ఉండనియ్యుండ్రి. చాయ్ తాగుతరా?" అన్నాడు. వద్దనే మొహం లేక తాగాను.

తర్వాతి ఆదివారం షెడ్డులో అందరికీ చెప్పాను. "ఆటకు గింత బాధెందుకు సార్" అని ఒకరు నవ్వేశారు. ఏ పిస్తోలు గురి గట్టిదో తేల్చే దారి ఇక లేదు. ఆయన మళ్లీ జగిత్యాల రాలేదు.

మొన్న వేములవాడ బస్టాండులో కనిపించాడు. పిల్లల చదువు అడిగాడు, నా మోకాలి నొప్పి అడిగాడు. గురి మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను. బస్సు రాగానే "వస్త సార్" అని ఎక్కేశాడు.