ఐదు పాటల డిస్కు, నూట ఇరవై రూపాయలు

పాటకు ధర ఎట్లా కడతారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. టమాటాకు తూకం ఉంది, గుడ్డకు మీటరు ఉంది. పాటకు ఏముంది? తొంభైల చివర్లో నేను వాయించిన బుల్‌బుల్‌తారను సొంత ఖర్చుతో సీడీగా చేయించినప్పుడు ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది.

బుల్‌బుల్‌తార అంటే పొడుగాటి చెక్కపెట్టె. దాని మీద తీగలుంటాయి, టైపుమిషనుకు ఉన్నట్టు బొత్తాలుంటాయి. ఒక చేత్తో బొత్తాలు నొక్కుతూ ఇంకో చేత్తో తీగలు మీటాలి. నాకెవరూ నేర్పలేదు. బోరబండలో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే కొట్టు పెట్టుకుని, విన్నదాన్ని వెతుక్కుంటూ నేర్చుకున్నాను. చదువు కూడా అంతే. బడిలో నేను చదివింది ఐదో తరగతి దాకా. మిగతాదంతా పాత పుస్తకాల బండి మీద దొరికింది.

క్యాసెట్లు చుట్టుకుపోయి నా దగ్గరకు వస్తే పెన్సిలుతో తిప్పీ తిప్పీ విసిగిపోయినవాణ్ణి. సీడీలో ముల్లు లేకుండా, టేపు లేకుండా వెలుతురే పాటను చదువుతుందని తెలిశాక ఇక ఆగలేకపోయాను. నూరు సీడీలు చేయించాను. డిస్కు, ఎక్కించిన కూలి, గట్టి ప్లాస్టిక్ డబ్బా, లోపలి రంగుల కాగితం అన్నీ కలిపి ఒక్కోదానికి డెబ్బై దాకా పడింది. డబ్బా వెనక నూట ఇరవై అని అచ్చు వేయించాను.

కొత్తగూడ చౌరస్తాలో క్యాసెట్ల దుకాణం కడప ఆయనది. డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఐదు పాటలకు నూటిరవయ్యా? నేను పది పాటల క్యాసెట్టు ముప్పైకి ఇస్తాండానప్పా!"

"ఒక్కోటి పన్నెండు నిమిషాలు."

"నిమిషాలు ఎవురు చూస్తారు? వెనకపక్క నెంబర్లు లెక్కపెట్టుకుంటారు. ఒక్కోదాన్ని మూడు ముక్కలుగా కొయ్, పదైదు పాటలైతాయి. ఈ డబ్బా తీసేసి పల్చని కవర్లో పెట్టు. నలభైకి అమ్మిపెడ్తా."

నాకు ఒళ్లు మండింది. పాటేమన్నా సొరకాయా, ముక్కలు కోయడానికి? ఆ రోజుల్లో కంప్యూటర్ పత్రికలతో పాటు ఉచితంగా వచ్చే డిస్కులు పల్చటి కవర్లలోనే ఉండేవి. నా వాయిద్యానికి కూడా ఆ బట్టలే తొడిగితే ఊరికే ఇచ్చే సరుకనుకోరా? తిరిగొచ్చేశాను.

మా ఇంటావిడ ఊరుకోలేదు. "కొట్టు నిండ డబ్బాలు వెట్టుకొని సూస్కుంట కూసుంటవా? ఈ వారంల ఒక్కటన్న అమ్ము. లేకుంటె ఆయన జెప్పినట్టు నలభైకి ఇచ్చెయ్." సరేనన్నాను. అనక ఏం చేస్తాను?

అప్పుడే రాళ్లగుట్టల మధ్య హైటెక్ సిటీ గుండ్రటి భవనం లేచింది. క్యాసెట్లు మోగించేవాళ్లు ఊరంతా ఉన్నారు గానీ సీడీ పెట్టుకునే కంప్యూటర్లు మాత్రం వరసగా అక్కడే ఉన్నాయి. ఎదురుగా చాయ్ బండి నడిపే ఆమె రేడియో ఒకప్పుడు నేనే బాగుచేశాను. బిస్కెట్ సీసాల పక్కన డజను డబ్బాలు పెట్టనిచ్చింది.

"పెట్టుకో అన్నా. గని ఇది ఆటల సీడీనా అని అడుగుతరు, ఏమని జెప్పాలె?"

"వాయిద్యమని చెప్పమ్మా."

నేనూ బండి దగ్గరే కూర్చునేవాణ్ణి. మెడలో కార్డులు వేసుకున్న ఆఫీసు పిల్లలు వచ్చి, డబ్బా ఎత్తి చూసి, ఏ సాఫ్ట్‌వేరు అంకుల్ అని అడిగి, దించేసేవాళ్లు. చివరికి గోదావరి వైపు అబ్బాయి ఒకడు, "ఒక్కసారి లోపల చూసి ఇచ్చేస్తానండి" అని పట్టుకెళ్లాడు. పావుగంటకే తెచ్చిచ్చాడు. "వద్దులెండి, అంత పెట్టలేనండి" అన్నాడు. గంట వాయిద్యాన్ని పావుగంటలో ఎట్లా విన్నాడు? ఆ రోజంతా అదే ఆలోచన.

మర్నాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. పక్కనే వరంగల్ స్నేహితుడు.

"ఆ డిస్కు ఇంకోసారి ఇస్తారాండి?"

"ఎందుకు?"

వాడు నసిగాడు. స్నేహితుడు నవ్వాపుకోలేక, "అరే, చెప్పు రా! అంకుల్, వీడు నిన్న మీ పాటలన్ని ఫ్లాపీల ఎక్కించుకున్నడు. రూముకు పోయి పెడితే ఒక్కటి మోగలే" అన్నాడు.

"చాయ్ తాగి, గ్లాసు వాపసిచ్చి, నచ్చలేదు పైసలియ్య అంటవా బిడ్డా?" అన్నాను. ఇంకా తిట్టేవాణ్ణే గాని, వాడి మాట నన్ను ఆపేసింది.

"మామూలుగా ఒక్క పాట కూడా పట్టని ఫ్లాపీలో ఐదూ పట్టేశాయండి. ఒక్కోటీ ఒక్క కేబీయేనండి, ఉత్తరమంత! కాపీ కాకుండా అసలు దీనికేం తాళం వేశారండి మీరు?"

పన్నెండు నిమిషాల మోత ఉత్తరమంత జాగాలో ఎట్లా ఇమిడింది? వాడికి తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరం డబ్బా మూత తెరిచి ఆ డిస్కు వైపు చూస్తూ నిలబడ్డాం. నేను తాళమేమీ వేయలేదన్నాను. వాళ్లు నమ్మలేదు.

"అంకుల్ చెప్పడు రా."

"మా అన్న అసుంటియి శాన జేస్తడు" అని చాయ్ ఆమె ఇంకాస్త ఎగదోసింది.

ఇంకో ఇద్దర్ని పిలుచుకొచ్చి, నలుగురూ తలా ముప్పై వేసుకుని, బేరమాడకుండా ఒకటి కొన్నారు. కాపీ కాని డిస్కు ఒకటుందట అని భవనంలో పాకింది. వారం తిరగకముందే సీసాల పక్కన చోటు ఖాళీ అయింది, మళ్లీ సర్దాను. అందరిదీ ఒకటే ఆరాటం, తాళం విప్పాలని. డబ్బా గట్టిగా ఉంది, ధర అచ్చులో ఉంది, కాబట్టి లోపల ఏదో పకడ్బందీగా ఉందని వాళ్ల నమ్మకం. మా ఇంటావిడ నోరు మూతపడింది. నాకు మాత్రం మింగుడుపడలేదు. లేని తాళానికి నూట ఇరవై ఇస్తున్నారు, ఉన్న పాటను ఒక్కడూ అడగడే!

తర్వాత వాళ్లే కనుక్కున్నారు. ఫ్లాపీలోకి వెళ్లింది పాట కాదట, డిస్కులో పాట ఎక్కడుందో చెప్పే గుర్తు మాత్రమేనట. ఇంటికి బదులు ఇంటినంబరు పట్టుకుపోయినట్టు. పాటను బయటికి లాగే దారి కూడా దొరికింది. ఆ వారం నుంచి కొనేవాళ్లు లేరు. పాటకు ఎవరూ పైసా ఇవ్వడం లేదని ఇప్పుడందరూ గొల్లుమంటున్నారు గానీ, ఆ అలవాటు మొదలవడం నేను చాయ్ తాగుతూ చూశాను.

ఆ గోదావరి అబ్బాయి మళ్లీ వచ్చాడు.

"మూడోదాంట్లో చివర ఎవరో దగ్గుతారండి. కావాలంటే కంప్యూటర్లో తీసేస్తానండి."

ఆ దగ్గు నాదే. కానీ దాని దాకా రావాలంటే అంతకుముందున్నదంతా కూర్చుని వినాలి.

"దగ్గు ఉండనీ. దానికి ముందు వాయించింది ఎట్లుంది?"

వాడు గ్లాసు పక్కన పెట్టి, బల్ల మీద వేళ్లతో దరువేస్తూ ఆ ముక్కను కూనిరాగం తీశాడు. రెండుచోట్ల తప్పాడు. ఊరుకోబుద్ధి కాలేదు, పాడి సరిచేశాను. చాయ్ పైసలిస్తూ మళ్లీ అందుకున్నాడు. ఈసారి ఒక్కచోటే తప్పింది.