ఆఖరి వాయి

మా పక్కింటి పెద్దమ్మ పోయిన నెలలో ఒక తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆ కబురు చెప్పడానికి వచ్చిన ఆమె కొడుకు మా గేటు పట్టుకుని నిలబడిపోయాడు. ఆ రోజంతా సూర్యాపేటలో మా వీధి నాకు పొగమంచు కమ్మినట్టు మసకగా కనిపించింది. బాగా ఎండ కాసిందని తర్వాత మా ఆయన చెప్పాడు.

ఆమె నర్సు. మిర్యాలగూడలో, కోదాడలో, చివరికి మా ఊళ్ళో సర్కారు దవాఖానల్లో పనిచేసి రిటైరైంది. గుండెనొప్పితో వచ్చేవాళ్ళ గురించి, మల్లెలు మాల కడుతూ, తనతో తాను మాట్లాడుకుంటున్నట్టు చెప్పేది. "మొదట్ల తాతలు వచ్చేటోళ్ళు. ఆ ఎన్క కొడుకులు. ఇగ ఇప్పుడు మనుమండ్లు గూడ వస్తున్నరు." ఆమె భర్త కూడా నలభై దాటగానే అలాగే పోయాడు. డాల్డాతో చేసిన మైసూర్‌పాక్ అంటే ఆయనకు ప్రాణమట. చేసి పెట్టింది తనే. ఆ సంగతి ఒక్కసారే చెప్పింది, నేను మళ్ళీ అడగలేదు.

ఆమెకు నూనె పిచ్చి అని వీధిలో అందరం నవ్వుకునేవాళ్ళం. మా వంటింట్లోకి వస్తే చాలు, కళ్ళజోడు సవరించుకుని నూనె ప్యాకెట్ వెనక రాసింది చదివేది. పండక్కి అప్పాలు చేస్తున్నప్పుడు గేటు చప్పుడైతే నేను డాల్డా ప్యాకెట్ బియ్యం డబ్బా వెనక దాచేసేదాన్ని. ఆమె వాసన పట్టేసేది, నవ్వేది, ఒక అప్పం తీసుకుని తినేది. నూనె మానెయ్యమని ఎవరికీ చెప్పలేదు. ఏ నూనె, ఎన్నిసార్లు కాగింది, ఇదే అడిగేది. ఒక నెల పల్లీ నూనె, ఒక నెల తవుడు నూనె వాడుకోమనేది. మిర్యాలగూడ మిల్లుల దగ్గర పొద్దుటెండలో తవుడు బంగారు పొగలా లేచేదని ఆమె చెబుతుంటే, నేనెప్పుడూ చూడని ఆ పొద్దులు నా కళ్ళ ముందు తేలేవి. కాగిన నూనెను నేనిప్పుడు మళ్ళీ పొయ్యి ఎక్కించను. అది ఆమె చలవే.

కొడుకు దగ్గరే ఆమె మాట చెల్లలేదు. హైవే మీద కోదాడ బస్సులు ఆగే చోట అతనిది మిర్చీ బజ్జీల హోటల్. పాత నూనెలోనే కొత్తది కలుపుకుంటూ పోవడం అక్కడందరికీ అలవాటు, అతనికీ అంతే. ఆమె చెప్పి చెప్పి విసిగిపోయి, చివరికి రోజూ సాయంత్రం ఆఖరి వాయి వేసే వేళకు వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ వాయిలోంచి ఒక బజ్జీ తిని గానీ కదిలేది కాదు. నేను తోడు వెళ్ళేదాన్ని, బజ్జీల మీద ఆశతోనే అనుకోండి.

ఆమెకు బీపీ. నల్లబడ్డ నూనెలో వేగింది తల్లి నోట్లో పెట్టుకుంటుంటే కొడుకు పరేషాన్ అయిపోయేవాడు. ఒకరోజు చిన్న మూకుట్లో తాజా నూనె పోసి, అమ్మ కోసం విడిగా రెండు వేశాడు. ఆమె ఆ ప్లేటు పక్కకు జరిపి, లేచి వెళ్ళి, బస్సువాళ్ళ కోసం తీసి పెట్టిన వాటిలోంచి ఒకటి తీసుకుంది.

"నాకు వేరే ఎందుకు బిడ్డా?" అంది మెల్లగా. "ఈ రోడ్డు మీద దేశమంతా పోతది. నీ మూకుడు కాడ ఆగుతది. ఆఖరి వాయి తినేటోళ్ళు గూడ ఎవరో కన్న బిడ్డలే గద."

అతను ఆ చిన్న మూకుడు పొయ్యి మీంచి దించేశాడు. మర్నాటి నుంచి రంగు మారిన నూనెను పారబోయడం మొదలుపెట్టాడు. తల్లి తింటుందనే చేశాడు తప్ప దేశం కోసం కాదని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. అందుకే ఆమె పోయాక నాకు ఏడుపుతో పాటు ఒక దిగులు కూడా పట్టుకుంది. ఇక ఆ ఆఖరి వాయి ఎవరు తింటారు?

దినాలయ్యాక అతను హోటల్ తెరిచాడు. ఆమె బదులు నేనైనా తినాలని నిన్న సాయంత్రం ఒక్కదాన్నే వెళ్ళాను. స్టవ్ ఆపేసి ఉంది. గిన్నెలో పిండి సగం మిగిలే ఉంది. బస్సు దిగినవాళ్ళు ఇంకొక్క వాయి వెయ్యమని అడుగుతున్నారు.

"నూనె నల్లవడ్డది," అన్నాడు అతను. "ఇయ్యాల్టికి ఖతం. చాయ్ తాగుండ్రి."

వాళ్ళు గొణుక్కుంటూనే చాయ్ తాగి ఎక్కారు. బస్సు కోదాడ వైపు కదిలింది. కిటికీల్లో ఎవరెవరో, ఏ ఊళ్ళ వాళ్ళో, అప్పుడే తలలు వాల్చి కునుకుతున్నారు. బస్సు వెనక ఎర్ర దీపాలు మసక చీకట్లో కనుమరుగయ్యేదాకా అతను మూకుడు దగ్గరే నిలబడి చూశాడు.