ఉల్టా జిల్దు

బోధన్‌లో జిల్దుల ఖుద్దూస్‌ను ఎరగనివాళ్లు తక్కువ. జిల్దు కట్టడమంటే పుస్తకం కుట్టి అట్ట వేయడం. తాతల నాటి నుంచి ఆ ఇంటికి అదే కూడు పెట్టింది. సర్కారు కచేరీల్లో ఉర్దూ పోయి తెలుగు వచ్చేసరికి ఆ పని సన్నగిల్లింది. ఖుద్దూస్ ఒక హైస్కూల్లో అటెండరుగా చేరి, పుస్తకాల బీరువా తాళంచెవి మొలకు కట్టుకున్నాడు. రేపు నౌకరీ దొరకాలంటే తెలుగే దిక్కని ఒక్కగానొక్క కూతురు కుబ్రాను తెలుగు చదువులో వేసిందీ ఆయనే. తనకు మాత్రం తెలుగు మాటే తప్ప అక్షరం రాదు.

ఇక ఆ బీరువా సంగతి. సర్కారు పంపినవన్నీ నీతుల పుస్తకాలు. అవి కూడా నలుగుతాయని హెడ్మాస్టరు ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. ఎడపల్లి నుంచీ రెంజల్ నుంచీ చెరుకు బండ్ల వెనక వేలాడుతూ వచ్చే పిల్లలు ఆ వైపు కన్నెత్తి చూసేవాళ్లు కాదు.

అదే బడిలో తొమ్మిదో తరగతికి వచ్చిన కుబ్రాయే తండ్రికి ఉపాయం చెప్పింది.

"అబ్బా, షుగర్ ఫ్యాక్టరీ క్వార్టర్లల్ల వారపత్రికలు కొంటరు. చదివినంక పాత కాయితాల రద్దీకేస్తరు. అండ్ల సీరియల్ కాయితాలు అడుక్కొస్తే నువ్వు కుట్టరాదా? పుస్తకమైతది."

ఖుద్దూస్ సైకిలేసుకుని గడపగడపా తిరిగాడు. తెలుగు చెప్పే శారమ్మ టీచరు తన ఇంట్లోవీ ఇచ్చింది. మొదటి పుస్తకం ముద్దుగా తయారైంది, నీలం గుడ్డ అట్టతో. తెరిచి చూస్తే కథ ముగింపు మొదట్లో ఉంది! ఉర్దూ పుస్తకం కుడివైపు నుంచి తెరుచుకుంటుంది. చేతికి అలవాటైన వరసలోనే కుట్టేశాడు పాపం. పిల్లలు పడీపడీ నవ్వారు. కుబ్రా తండ్రిని వెనకేసుకొచ్చింది.

"ఏమాయె? ఆఖర్ల కథల పిల్ల ఏడుస్తున్నది. ఎందుకేడుస్తున్నదో ఎరుక చేసుకోవాలని లేదా మీకు?"

నవ్విన నాపచేనే పండింది. నెల తిరగకుండానే ఆ ఉల్టా పుస్తకం కోసం పిల్లలు వంతులకు కొట్టుకున్నారు. తర్వాతి వాటికి కుబ్రాయే వరస పెట్టి ఇచ్చేది, ఖుద్దూస్ కుట్టేవాడు. సర్కారు లెక్కలో లేనివి కాబట్టి హెడ్మాస్టరూ అడ్డుపడలేదు. బీరువాలో నీతుల పుస్తకాలు ఒక మూలకు జరిగి చోటిచ్చాయి. అంత మంచి రోజులు ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.

చిన్నప్పటి కీళ్ల జ్వరం కుబ్రా గుండెకు పాకిందని వానాకాలంలో తెలిసింది. నిజామాబాద్ డాక్టరు చూసి తల దించుకున్నాడు. పిల్ల మంచం పట్టింది. అప్పుడు నడుస్తున్న సీరియల్‌లో గోదావరి వరదకు పడవతో సహా కొట్టుకుపోయిన అన్న కోసం ఒక చెల్లెలు ఎదురుచూస్తుంటుంది. "ఆ అన్న వస్తడా అబ్బా?" అని కుబ్రాకు ఒకటే ఆరాటం. ఖుద్దూస్ ప్రతి వారం పత్రిక తెచ్చి చేతిలో పెట్టేవాడు. పిల్లకు ముగింపు చదివే భాగ్యం ఇవ్వమని తప్ప ఆయన అల్లాను ఇంకేమీ అడగడం మానేశాడు.

ముగింపు వచ్చింది. అప్పటికి కుబ్రా చేతులు కాగితం బరువు కూడా ఆపడం లేదు. శారమ్మ టీచరు క్రిస్మస్‌కు పుట్టింటికి పోయింది. బడికి సెలవులు. తల్లి ఇస్మత్‌కు ఏ అక్షరమూ రాదు.

"నువ్వే చదువు అబ్బా."

వందల పుస్తకాలు కుట్టిన మనిషి ఆ పేజీ ముందు గుడ్డివాడయ్యాడు. బొమ్మ చూశాడు. వాకిట్లో దీపం పట్టుకుని చెల్లెలు నిలబడి ఉంది.

"అన్న వచ్చిండు బేటా. బట్టలన్ని తడిసినయ్. చెల్లె ఉరికొచ్చింది..."

కుబ్రా సన్నగా నవ్వింది. "పేజీ తిప్పకుంటనే వచ్చిండా? అబద్ధం, అబ్బా."

పొద్దు వాలే అసర్ అజాన్ వేళకు ఆ పిల్ల లేదు.

సెలవుల తర్వాత ఖుద్దూస్ ఆ కాగితాలు శారమ్మ టీచరు ముందు పెట్టి చదవమన్నాడు. ఆమె చదివింది. రెండో పేజీలో అన్న ఇంటికి వచ్చాడు.

"నేను చెప్పింది నిజమే టీచరమ్మా," అంటూ ఆయన గోడకు ఆనుకుని భోరుమన్నాడు. "నా బిడ్డ నమ్మలే. అబద్ధమనుకొనే పోయింది."

కొన్నాళ్లకు ఆ సీరియల్ పుస్తకమై బీరువాకు వచ్చింది. శారమ్మ తెరిచి చూసి, నొప్పించకుండా చెప్పింది.

"ఖుద్దూస్ భాయి, మళ్ల ఉల్టా కట్టినవ్. ఆఖరుది మొదలొచ్చింది."

"ఈసారి ఎరికుండే కట్టిన టీచరమ్మా. ఎవరికెంత టైమున్నదో ఎవరికెరుక? గిది తెరిచిన పిల్లలు ముందుగాల గదే చదవాలె, అన్న వచ్చిండని."